వనభోజనాల ఫొటోలు: చాప ఎక్కడ పరచాలన్న దగ్గర మొదలుపెట్టండి

మీరు అడిగింది ఇదీ: కార్తీకమాసంలో విజయవాడ దగ్గర ఒక మామిడితోటలో 60 మందికి వనభోజనం పెట్టుకున్నారు. నిరుడు తీసిన ఫొటోల్లో మొహాల మీద ఎండ మచ్చలు, ఒంటికి ఆకుపచ్చ ఛాయ, అరటాకుల మీద తెల్లటి మెరుపు, వడ్డన ఫొటోల నిండా వడ్డించేవాళ్ళ వీపులు. చేతిలో ఉన్నది క్రాప్ సెన్సర్ మిర్రర్‌లెస్ కెమెరా, దానితో వచ్చిన 18–55 లెన్సు, ఒక 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్సు, ఒక ఫోను. ఫ్లాష్ కొనాలా, కొత్త లెన్సు కొనాలా అన్నది ప్రశ్న.

రెండూ అక్కర్లేదండీ. మీరు చెప్పిన నాలుగు లోపాల్లో ఒక్కటి కూడా లెన్సు వల్ల వచ్చింది కాదు. చాపలు ఏ చెట్టు కింద పరిచారు, చెట్టుకి ఏ పక్కన పరిచారు, బంతి ఎటు ముఖంగా కూర్చుంది, మీరు ఎక్కడ నిలబడ్డారు అన్నవాటి వల్ల వచ్చినవి. అందుకని ఏర్పాట్లు చూసేవాళ్ళతో కలిసి పొద్దున్నే తోటకి వెళ్ళండి. ఆకులు వేశాక వెళ్తే మార్చడానికి ఏమీ మిగలదు.

ముందు ఎండ లెక్క. నవంబరు మధ్యలో విజయవాడలో సూర్యుడు అన్నిటికంటే ఎత్తుకి వచ్చేది 11:50 ప్రాంతంలో. అప్పుడు కూడా నడినెత్తి మీద ఉండడు. దక్షిణం వైపు వాలి, నేల నుంచి 55 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఒంటిగంటన్నరకి 47 డిగ్రీలకి దిగుతాడు, నైరుతి వైపు జరుగుతాడు. రెండున్నరకి 38, మూడున్నరకి 26. సూర్యాస్తమయం ఐదున్నర దగ్గర.

దీన్నిబట్టి నీడ ఎటు పోతుందో చూడండి. పొద్దున 10 గంటలకి చెట్టు నీడ వాయవ్యం వైపు ఉంటుంది. చాపలు పరిచేవాళ్ళు సరిగ్గా ఆ వేళకే వచ్చి, నీడ కనిపించిన చోట పరిచేస్తారు. వంట అయ్యి మొదటి బంతి కూర్చునేసరికి ఒంటిగంట దాటుతుంది. అప్పటికి నీడ ఈశాన్యం వైపు తిరిగిపోయి ఉంటుంది. పొద్దున పరిచిన చాపల్లో సగం ఎండలో, సగం నీడలో. మీ మొహాల మీది మచ్చలకి ముఖ్య కారణం ఇదే అయి ఉండాలి. కాబట్టి పది గంటలకి నీడ ఎక్కడుందో పట్టించుకోకండి. ఫోనులో దిక్సూచి తెరిచి, చెట్టు మొదలుకి ఉత్తర ఈశాన్యంగా పరిపించండి. ఒంటిగంటన్నరకి నీడ పొడవు ఇంచుమించు చెట్టు ఎత్తంత ఉంటుంది. 6 మీటర్ల మామిడిచెట్టయితే కొమ్మల గుబురు నీడ మొదలు నుంచి నాలుగైదు మీటర్ల అవతల పడుతుంది. రెండో బంతి రెండున్నరకి అనుకుంటే, వాళ్ళ చాపలు మరో రెండు మీటర్లు ఈశాన్యానికి జరగాలి.

ఇక చెట్టు. వనభోజనం అంటే ఉసిరిచెట్టు కింద అన్నది మన పట్టింపు. అది ఉండాల్సిందే, పూజ అక్కడే జరగాలి. ఫొటోల సంగతికొస్తే మాత్రం ఉసిరి నీడ అన్నిటికంటే కష్టమైన నీడ. ఆకు సన్నం, చెట్టు పొట్టి. ఆకుల సందుల్లోంచి దిగే వెలుగు నేల మీద గుండ్రటి మచ్చలుగా పడుతుంది కదా, ఆ గుండ్రం సందు ఆకారం కాదు. ప్రతి మచ్చా సూర్యబింబమే. సన్నటి సందు ఏ ఆకారంలో ఉన్నా, సూది బెజ్జం కెమెరాలో లాగే సూర్యుడి బొమ్మే కింద పడుతుంది. దాని వెడల్పు సందు నుంచి నేలకి ఉన్న దూరంలో ఇంచుమించు నూరో వంతు. కొమ్మ ఆరేడు మీటర్ల దూరంలో ఉంటే మచ్చ ఆరేడు సెంటీమీటర్లు. అంటే సరిగ్గా ఒక కన్ను, ఒక బుగ్గ, ఒక బూరె పట్టేంత. పెద్ద చింతచెట్టు ఆకు కూడా సన్నమే గానీ, కొమ్మలు 15 మీటర్ల పైన ఉంటాయి. అక్కడి నుంచి పడే మచ్చలు 15, 20 సెంటీమీటర్లకి విచ్చుకుని ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోతాయి. అందుకే చింతచెట్టు నీడ మెత్తగా, సమంగా ఉంటుంది. మామిడి నీడ చిక్కన. మచ్చలు తక్కువే గానీ, పచ్చదనం ఎక్కువ. కొబ్బరితోట మాత్రం వద్దు. మట్టల నీడలు చారలు చారలుగా పడి, గాలికి ఊగుతూనే ఉంటాయి. బాపట్ల వైపు సముద్రపొడ్డున సరుగుడు తోటల్లో పెట్టుకునేవాళ్ళకి నీడ పలచనే గానీ సమంగా దొరుకుతుంది.

మీది మామిడితోట కాబట్టి పూజ ఉసిరి దగ్గర, భోజనం మామిడి కింద పెట్టుకోండి. ఉసిరిచెట్టు లేకపోతే కొమ్మ తెచ్చి పాతుకోవడం ఎలాగూ ఉన్నదే. మామిడి గుబురు నీడలో మరీ లోపలికి కూర్చోబెట్టకండి. పైనున్న ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చే వెలుగు, చుట్టూ గడ్డి మీద నుంచి లేచే వెలుగు, రెండూ ఆకుపచ్చవే. మొహాలకి పచ్చ ఛాయ అక్కడి నుంచి వచ్చేదే. నీడకి ఉత్తరపు అంచున, ఎండకి ఒక మీటరు లోపలగా కూర్చోబెడితే నెత్తిన ఎండ పడదు, ఎదురుగా తెరిపి ఆకాశం వెలుగు మొహం మీద పడుతుంది. ఒక పెద్ద కిటికీ ముందు కూర్చున్నట్టు ఉంటుంది.

ముఖం ఎటు అన్నది ఆచారంతో ముడిపడ్డ విషయం, దాన్ని ఫొటో కోసం మార్చమని నేను చెప్పను. చాలా ఇళ్ళలో పెద్దవాళ్ళు తూర్పు ముఖంగానే కూర్చుంటారు, దక్షిణం ముఖంగా కూర్చోరు. అదృష్టవశాత్తూ మధ్యాహ్నం దాటాక తూర్పు ముఖమే కెమెరాకీ మంచిది. ఎండ వెనక నైరుతిలో ఉంటుంది, మొహానికి ఆకాశపు వెలుగు చాలు. బంతులు ఎదురెదురుగా వేస్తే పడమర ముఖంగా ఉండే బంతిని నీడ లోపలికి వేయించండి, లేకపోతే వాళ్ళంతా కళ్ళు చికిలించుకుంటారు. ఎదురెదురు ఆకుల మధ్య నడవ అయిదడుగులు ఉండాలి. మూడడుగులే వదిలితే బకెట్టు పట్టుకున్న మనిషి తిరగలేడు, మీరు మోకాళ్ళ మీద కూర్చోలేరు.

కింద పరిచేది కూడా చూసుకోండి. నీలం ప్లాస్టిక్ పట్టా మీద కూర్చుంటే కింది నుంచి నీలి ఛాయ గడ్డాల కిందికి, తెల్ల పంచెలకి ఎక్కుతుంది. ఈత చాపలు, జంపఖానాలు మంచివి. పట్టా తప్పనిసరైతే దాని మీద జంపఖానా వేయండి. పైన షామియానా వేయిస్తుంటే టెంటుహౌసు వాళ్ళని తెల్లబట్టది అడగండి. ఎరుపూ పసుపూ చారల షామియానా కింద ఒక్కొక్కరిది ఒక్కో రంగు మొహమవుతుంది, తర్వాత కంప్యూటర్లో ఎంత దిద్దినా కుదరదు. గ్లాసులూ పళ్ళేలూ ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌వి వద్దని కూడా చెప్పండి. 2022 జూలై 1 నుంచి అవి ఎలాగూ నిషేధం, పైగా ఫొటోలో ముందు కంటికి తగిలేవి అవే. అరటాకు, అడ్డాకు విస్తరి, మోదుగాకు విస్తరి, స్టీలు గ్లాసు ఉంటే ఫొటోలో చెరపాల్సినదేమీ ఉండదు.

అన్నీ చూసుకున్నా నాలుగు మచ్చలు పడతాయి. దానికి ఎనిమిది మూరల తెల్ల నూలు పంచె చాలు. ఇద్దరు పిల్లలు చెరోవైపు పట్టుకుని, మచ్చలు పడుతున్నవైపు నెత్తికి రెండడుగుల పైన చాపితే మూడు నాలుగు ఆకులకి మెత్తటి వెలుగు వస్తుంది. మొహాలు నల్లగా ఉంటే అదే పంచెని ఎండలో నేల మీద పరిచి, దాని వెలుగు ఎగిరి మొహం మీద పడేలా చూసుకోండి. అంచు రంగు పంచె వద్దు, ఆ రంగు కూడా ఎగురుతుంది.

ఇక కెమెరా అమరికలు. మామిడి నీడ అంచున మామూలుగా ఎఫ్ 4 (లెన్సు ఎంత తెరుచుకోవాలన్నది, అంకె పెరిగితే తెరుపు తగ్గుతుంది), 1/250 సెకను, ఐఎస్ఓ (వెలుగుని కెమెరా ఎంత పెంచి తీసుకోవాలన్నది) 400 దగ్గర కుదురుతుంది. నీడ చిక్కనైతే 800కి పెంచండి. వడ్డించే చెయ్యి కదులుతూ ఉంటుంది కాబట్టి 1/250 కంటే నెమ్మదిగా వెళ్ళకండి. ఎండ మచ్చకీ నీడకీ మధ్య మూడు నాలుగు స్టాపుల తేడా ఉంటుంది (ఒక్కో స్టాపుకీ వెలుగు రెండింతలు). కెమెరా నీడని చూసి వెలుగు పెంచేస్తే అన్నం, తెల్ల పంచెలు, వెంట్రుకల మీది ఎండ తెల్లగా మాడిపోతాయి, వాటిలో వివరం తర్వాత తిరిగి రాదు. అందుకని ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) 0.7 స్టాపు తగ్గించి, రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైలు) తీసి, నీడలు తర్వాత లేపుకోండి.

వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా చూపించే అమరిక) ఆటోలో వదిలేయకండి. ఫ్రేములో అరటాకు ఎక్కువైతే ఒక రంగు, పట్టుచీర ఎక్కువైతే ఒక రంగు పట్టుకుంటుంది. బంతి కూర్చునే చోటే ఒక తెల్ల తుండుగుడ్డ పెట్టి, దాన్ని నిండుగా ఫ్రేములోకి తీసుకుని కస్టమ్ వైట్ బ్యాలెన్స్ పెట్టుకోండి. నిమిషం పని. తుండుకి బదులు విస్తట్లో అన్నాన్ని తెలుపుగా తీసుకోవడం పొరపాటు. అరటాకు మీది అన్నానికి ఆకు పచ్చదనం ఎగిరి అంటుకుని ఉంటుంది. దాన్ని తెలుపు చేస్తే మనుషులు గులాబీ రంగులోకి పోతారు.

50 ఎంఎం లెన్సు ఉంది కదా అని ఎఫ్ 1.8 లో తీయకండి. మూడు మీటర్ల దూరం నుంచి ఎఫ్ 1.8 లో స్పష్టంగా వచ్చే లోతు పాతిక సెంటీమీటర్లే. విస్తరికీ, తినే మనిషి మొహానికీ మధ్య అరమీటరు పైనే ఉంటుంది. గరిటె దిగితే మొహం మసక, మొహం దిగితే గరిటె మసక. అదే ఎఫ్ 5.6 లో లోతు 80 సెంటీమీటర్లు అవుతుంది, రెండూ దిగుతాయి. వెనక చెట్లు కాస్త కనపడనివ్వండి. అది వనభోజనమని తెలియాలి కదా.

అరటాకు మెరుపు. అరటాకు మైనం పూసిన అద్దం లాంటిది, నీళ్ళు చల్లాక మరీను. మీకు ఎదురుగా ఆకు అవతల ఏముందో అదే దాంట్లో కనపడుతుంది. తెరిపి ఆకాశం ఉంటే తెల్లగా మెరుస్తుంది, చెట్టు గుబురు ఉంటే ముదురు పచ్చగా, ఈనెలతో సహా కనపడుతుంది. కాబట్టి ఆకుల ఫొటో తీసేటప్పుడు మీరు తోట అంచున నిలబడి, తోట లోపలి వైపు చూడండి. ఒక్కటి కొంటానంటే సీపీఎల్ ఫిల్టరు (లెన్సు ముందు బిగించి తిప్పే, మెరుపు తగ్గించే పోలరైజర్ అద్దం) కొనుక్కోండి. ఆకు నేల మీద ఉండగా, రెండు రెండున్నర మీటర్ల దూరంలో నిలబడి వంగకుండా చూసే కోణంలో అది బాగా పనిచేస్తుంది. నిలువుగా పైనుంచి తీస్తే పనిచేయదు. ఒకటిన్నర స్టాపు వెలుగు తినేస్తుంది, ఐఎస్ఓ ఆ మేరకు పెంచాలి. స్టీలు బకెట్ల మీది మెరుపు ఏ ఫిల్టరుకీ పోదు, లోహం మీద ప్రతిబింబం అలాంటిది. ఆ మెరుపులో మీ నీడ పడకుండా చూసుకుంటే చాలు. పూర్ణాల మీది నూనె మెరుపు, పప్పు మీది నేతి మెరుపు కూడా ఫిల్టరు తిప్పితే పోతాయి. అవి పోకూడదు. తిప్పుతూ ఆకు మెరుపు పోయి, నేతి మెరుపు మిగిలిన చోట ఆపండి.

ఇప్పుడు వడ్డన. వనభోజనానికి ప్రాణం ఇదే, దీనికోసమే పైన ఇంత సేపు నేల గురించి మాట్లాడాను. గ్రూపు ఫొటో ఏ పెళ్ళిలోనైనా దొరుకుతుంది. ఒకరు వంగి పెడుతూ, ఒకరు చాలు చాలని చెయ్యి అడ్డం పెడుతూ ఉండే ఆ క్షణం ఇక్కడిది. వీపులు వస్తున్నాయంటే మీరు నడవలో, వడ్డించేవాళ్ళ వెనకాల నడుస్తున్నారన్నమాట. బంతి వెనక్కి వెళ్ళండి. తినేవాళ్ళ భుజం మీదుగా, మోకాళ్ళ మీద కూర్చుని, వడ్డించే మనిషి మొహం, గరిటె, ఆకు మూడూ ఒకే గీతలోకి వచ్చేలా చూసుకోండి. బంతిలో మూడో మనిషి వెనక కాచుకుని ఉండండి. వడ్డించేవాళ్ళు మొదటి ఇద్దరి దగ్గర చెయ్యి సర్దుకుని మూడో ఆకు దగ్గరికి వచ్చేసరికి కుదురుగా వంగుతారు. ఒక్కో వంటకానికి ఒక్కో మనిషి వస్తారు కాబట్టి, మీరు కదలకుండానే పప్పు, కూర, పులిహోర, పచ్చడి అన్నీ మీ ముందుకే వస్తాయి. పది నిమిషాలు ఒక్కచోట కూర్చుంటే బంతి పొడుగునా పరిగెత్తినదానికంటే ఎక్కువ దొరుకుతుంది.

ఆకు ఫొటో ఒంటరిగా కావాలంటే అన్నం పడకముందే తీయాలి. కొస ఎడమవైపు, పైన ఉప్పు, పచ్చళ్ళు, కూరలు, పులిహోర, గారె, బూరె, మధ్యలో ఖాళీ. అప్పుడు అన్ని రంగులూ విడివిడిగా ఉంటాయి. అన్నం, పప్పు పడ్డాక ఆకు ఒకటే తెలుపూ పసుపూ అవుతుంది. అన్నీ వడ్డించాక బంతిలో ఎవరో గొంతెత్తి "భోజనకాలే హరినామస్మరణ" అంటే అందరూ "గోవిందా గోవింద" అంటారు. ఆ పది, ఇరవై సెకన్లు ఎవరూ నమలరు, తలలు నిటారుగా ఉంటాయి, మొహాలన్నీ ఒకే మూడ్‌లో ఉంటాయి. బంతి మొత్తం పట్టే ఫొటోకి అంతకంటే మంచి సమయం లేదు. ముందే బంతి ఒక చివర, కూర్చున్నవాళ్ళ కళ్ళ ఎత్తులో, అంటే నేల నుంచి రెండున్నర అడుగుల దగ్గర కెమెరా పెట్టుకుని సిద్ధంగా ఉండండి. 35 ఎంఎం దగ్గర, ఎఫ్ 8, ఫోకస్ మూడో మనిషి మీద.

నేతి ధార సంగతి విడిగా చెప్పాలి, చాలామంది అడిగేది అదే. ముద్దపప్పు మీదికి చెంచాతో నెయ్యి జారేటప్పుడు అది దారంలా సాగి, వెలుగు వెనకనుంచి పడితే తేనె రంగులో వెలుగుతుంది. ముందు నుంచి వెలుగు పడితే కనపడనే కనపడదు. కాబట్టి ఎండ వచ్చే వైపుకి ఎదురుగా మీరు ఉండాలి, కెమెరా ఆకు ఎత్తుకి జానెడు పైన ఉండాలి. వెనక ఉన్నది ముదురు రంగు అయి తీరాలి. తెల్లపంచె కట్టుకున్నాయన ముందు నేతి ధార మాయమవుతుంది. ముదురు ఆకుపచ్చ చీరో, నేరేడు రంగు చీరో కట్టుకున్న అమ్మగారి ఆకు ఎంచుకోండి. ఫోకస్ ధార మీద పెట్టబోతే కెమెరా తడుముకుంటుంది. నెయ్యి పడబోయే పప్పు కుప్ప మీద ముందే పెట్టి, కదలకుండా ఉంచండి. ఎఫ్ 4, 1/500, ఐఎస్ఓ 1600 దాకా పోయినా ఫర్వాలేదు. బరస్ట్‌లో (బటను నొక్కి పట్టుకుంటే వరసగా తీసే పద్ధతి) రెండు సెకన్లు. నవంబరులో నెయ్యి పేరుకుని ఉంటే గడ్డలుగా పడుతుంది, ధార రాదు. వడ్డనకి ముందు గిన్నెని నిప్పుల పక్కన పెట్టమని వంటవాళ్ళకి చెప్పండి.

తినడం మొదలయ్యాక కెమెరా దించేయండి. నోట్లో ముద్ద ఉన్న ఫొటో ఎవరికీ ఇష్టం ఉండదు, పెద్దవాళ్ళకి అసలే ఉండదు. రెండు ఆకుల మధ్య నుంచి దాటడం, విస్తరి మీదుగా కాలు వేయడం, "ఒక్క నిమిషం ఆగండి" అని పప్పన్నం చల్లారేదాకా కూర్చోబెట్టడం, ఇవేవీ చేయకూడదు. కెమెరా పట్టీ వేలాడి ఎవరి ఆకులోనూ పడకుండా చేతికి చుట్టుకోండి. ఆకు మడిచాక లేచేటప్పుడు, చేతులు కడుక్కునేటప్పుడు, తాంబూలాల దగ్గర మళ్ళీ తీయొచ్చు.

వంట దగ్గరికి మాత్రం పొద్దున ఎనిమిదికే వెళ్ళండి. గాడిపొయ్యి పొగ అందంగా కనపడాలంటే సూర్యుడు పొగకి అవతల ఉండాలి. తొమ్మిదింటికి ఎండ ఆగ్నేయం నుంచి వస్తుంది కాబట్టి మీరు పొయ్యికి వాయవ్యంగా ఉండాలి, వెనక చెట్ల నీడ ఉండాలి. తెల్లటి ఆకాశం వెనక ఉంటే పొగా ఆవిరీ రెండూ కలిసిపోతాయి. గుండిగలో అన్నం వార్చేటప్పుడు ఇద్దరు గుడ్డలతో పట్టుకుని వంచుతారు, గంజి ఆవిరి ఒక్కసారిగా లేస్తుంది. గాలి మీ వీపు నుంచి పొయ్యి వైపు వీచేలా, మూడు మీటర్లు దూరంగా ఉండండి. దగ్గరికి వెళ్తే లెన్సు మసకబారుతుంది, పైగా గంజి కాళ్ళ మీద పడితే ప్రమాదం. ఏసీ కారులో వచ్చి కెమెరా వెంటనే తీసినా అద్దం మీద తేమ పడుతుంది. సంచిలోనే మూసి ఉంచి ఇరవై నిమిషాలు తోట గాలికి అలవాటు పడనివ్వండి.

ఉసిరికాయ దీపం చిన్నది, బొటనవేలంత వెడల్పు. ఎండలో దాని మంట కనపడదు. చెట్టు మొదలు నీడలో, బెరడు వెనకాల వచ్చేలా పెట్టించి, మంట ఎత్తులోకి వంగి, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించండి. చెప్పులు బయట విడిచే వెళ్ళండి.

ఫోనుతో తీసేవాళ్ళు తోటలో చాలామంది ఉంటారు కాబట్టి వాళ్ళకీ నాలుగు మాటలు చెప్పండి. మొదటిది, లెన్సు తుడవడం. నెయ్యి అంటిన వేలి ముద్ర ఫోను లెన్సు మీద ఉంటే ఫొటో అంతా పొగమంచు పట్టినట్టు వస్తుంది, ఎండ మచ్చల చుట్టూ చారలు వస్తాయి. పోర్ట్రెయిట్ మోడ్ గరిటె కాడని సగంలో మసక చేస్తుంది, ఆకు అంచుని కోసేస్తుంది, వడ్డనలో అది వాడకూడదు. 0.5ఎక్స్ లెన్సుతో బంతి తీస్తే అంచున కూర్చున్నవాళ్ళు అడ్డంగా సాగిపోతారు. హెచ్‌డీఆర్‌లో (వరసగా కొన్ని ఫొటోలు తీసి ఒకటిగా కలిపే పద్ధతి) కదిలే చెయ్యికి ఒక్కోసారి రెండో నీడ వస్తుంది, రెండు మూడు ఎక్కువ తీసుకోవాలి. మొహం మీద వేలితో తాకి, వెలుగు గీతని కాస్త కిందికి లాగితే అన్నం మాడదు.

గ్రూపు ఫొటో భోజనాలకి ముందు తీస్తే వంట చేసినవాళ్ళూ వడ్డించేవాళ్ళూ పొయ్యి దగ్గరే ఉండిపోతారు. వాళ్ళు తినేది ఆఖరి బంతిలో. అందరికీ అన్నం పెట్టినవాళ్ళు లేని గ్రూపు ఫొటో ఎందుకండీ? మూడున్నరకి పెట్టుకోండి. అప్పుడు చెట్టు నీడ దాని ఎత్తుకి రెండింతలు ఈశాన్యం వైపు సాగుతుంది. ఆ నీడ లోపల, ఈశాన్యం వైపు ముఖంగా నిలబెట్టండి. 60 మందిని వరసకి 15 మంది చొప్పున నాలుగు వరసలు చేయండి. పిల్లలు చాప మీద, పెద్దవాళ్ళు కుర్చీల్లో, మూడో వరస నిలబడి, నాలుగో వరస బల్లల మీద. వరస వెడల్పు ఏడున్నర మీటర్లు, అటూ ఇటూ ఖాళీతో తొమ్మిది. మీ 18–55 లెన్సు 24 దగ్గర పెట్టి తొమ్మిది మీటర్ల దూరం నుంచి తీస్తే సరిపోతుంది, 18కి వెళ్ళకండి. అంత దూరంలో ఎఫ్ 5.6 లోనే నాలుగు వరసలూ స్పష్టంగా దిగుతాయి, ఎఫ్ 11 అక్కర్లేదు. ఆ వెలుగుని 1/250కి వాడుకోండి. నిచ్చెన ఎక్కి ఏడెనిమిది ఫొటోలు వరసగా తీయండి. ఇంతమందిలో ఎవరో ఒకరు కళ్ళు మూస్తూనే ఉంటారు, ఒక ఫొటోలోని మొహం ఇంకోదాంట్లోకి తర్వాత మార్చుకోవచ్చు. డ్రోను తెచ్చేవాళ్ళుంటే ఆకులు వేసి ఉన్నంతసేపు ఎగరేయొద్దని చెప్పండి. దాని గాలికి దుమ్ము అంతా అన్నంలోకి పోతుంది.

ఇదే పద్ధతి తెలంగాణలో సద్దుల బతుకమ్మకి వాడాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చెరువు గట్టు మీద సద్దులు, మలీద పంచుకునేది పొద్దు గుంకాక. వెలుగు నిమిష నిమిషానికీ పడిపోతుంది. అక్కడ మీ ఎఫ్ 1.8 లెన్సు పనికొస్తుంది, కానీ మొహం వదిలేసి ఇచ్చే చేతినీ పుచ్చుకునే చేతినీ దగ్గరగా తీయాలి. రెండు చేతులూ ఒకే దూరంలో ఉంటాయి కాబట్టి తక్కువ లోతైనా సరిపోతుంది. 1/125, ఐఎస్ఓ 3200. ఆస్ట్రేలియాలో సిడ్నీ, మెల్‌బోర్న్ లాంటి దక్షిణపు ఊళ్ళలో కార్తీక వనభోజనం పెట్టుకునే మనవాళ్ళు పైన చెప్పిన ఉత్తర దక్షిణాలు తిప్పేసుకోవాలి, తూర్పు పడమరలు మారవు. అక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. మెల్‌బోర్న్‌లో నవంబరులో గడియారం గంట ముందుకి జరిపి ఉంటుంది కాబట్టి సూర్యుడు ఎత్తుకి వచ్చేది ఒంటిగంట దాటాకే. డాలస్‌లో అయితే దిక్కులు మనవే గానీ, నవంబరు మధ్యలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 39 డిగ్రీల ఎత్తుకి మించడు. చెట్టు నీడ మొదలుకి ఇంకా దూరంగా పడుతుంది.

ఇంటికొచ్చాక పచ్చ ఛాయ ఇంకా మిగిలితే మొత్తం ఫొటోకి టింట్ (పచ్చకీ గులాబీకీ మధ్య రంగు సరిచేసే అమరిక) మెజెంటా, అంటే గులాబీ వైపు పది, పదిహేను జరపండి. అరటాకు వాడినట్టు కనపడితే వెనక్కి తగ్గి, ఒంటి రంగు ఉండే నారింజని మాత్రమే ఎరుపు వైపు కొద్దిగా తిప్పండి. పులిహోర పసుపు మెరిసిపోయి మెతుకులు విడిగా కనపడకపోతే పసుపు సాచురేషన్ (రంగు చిక్కదనం) పది తగ్గించండి, మెతుకులూ పోపుగింజలూ తిరిగి కనపడతాయి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే కుదించేస్తుంది, 60 మందిలో చివరి వరస మొహాలు చెదిరిపోతాయి.